పది మూరల గోడకు పన్నెండు మూరల నిచ్చెన

క్రీ.పూ. 428 చలికాలంలో గ్రీసు దేశంలోని ప్లటేయా పట్టణంలో కొందరు కోట మీద నిలబడి ఎదుటి గోడలో ఇటుక వరసలు లెక్కపెడుతూ ఉండేవాళ్లు. ఒకేసారి చాలామంది లెక్కపెట్టేవాళ్లు. పెట్టినవాళ్లే మళ్లీ మళ్లీ పెట్టేవాళ్లు. చూసేవాళ్లకు పొద్దుపోక చేస్తున్న పనిలా కనిపించేదేమో గాని, అది వాళ్ల ప్రాణాలు నిలబెట్టే లెక్క.

స్పార్టావాళ్లూ వాళ్ల మిత్రులూ ఊరి చుట్టూ ముట్టడి గోడ కట్టి అప్పటికి ఏడాది దాటింది. లోపల తిండిగింజలు అడుగంటాయి. ఏథెన్సు నుంచి సాయం వస్తుందన్న ఆశ పోయింది. ఇక ఆ ముట్టడి గోడ ఎక్కి దాటి పారిపోవడమే దారి. ఎక్కాలంటే నిచ్చెనలు కావాలి, నిచ్చెనలు చెయ్యాలంటే గోడ ఎత్తు తెలియాలి. దగ్గరకు పోయి కొలిచే వీలు లేదు. అదృష్టం కొద్దీ తమవైపు గోడకు ఒకచోట సున్నం సరిగా వెయ్యలేదు, ఇటుకలు కనిపిస్తున్నాయి. వరసలు లెక్కపెట్టి ఇటుక మందంతో గుణిస్తే ఎత్తు వస్తుంది. కొందరు తప్పు లెక్కపెట్టినా ఎక్కువమందికి సరైన సంఖ్యే వస్తుందని వాళ్ల నమ్మకం. ఈ సంగతంతా చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిపెట్టాడు.

ఇక్కడ కాస్త ఆగి చూస్తే తమాషా ఉంది. పది మంది పదిసార్లు లెక్కపెడితే సరిదిద్దుకునేది ఒకరకం తప్పు మాత్రమే. నీకు 61 వచ్చి నాకు 60 వస్తే, మిగతా ఎనిమిది మంది మన తగువు తీరుస్తారు. కాని ఇటుక మందం విషయంలో అందరూ కలిసి పొరపాటు పడితే ఎంతమంది లెక్కపెట్టినా లాభం లేదు. ఒక్కో ఇటుకకు ఒక సెంటీమీటరు తక్కువ అనుకుంటే, 60 వరసలకు నిచ్చెన 60 సెంటీమీటర్లు పొట్టిదవుతుంది. మొదటి తప్పు మనిషికో తీరుగా పడేది, కాబట్టి మంది పెరిగేకొద్దీ కొట్టుకుపోతుంది. రెండోది అందరినీ ఒకే వైపుకు లాగుతుంది. నేటి ప్రయోగశాలల్లో కూడా కొలతల తప్పులను ఈ రెండు తెగలుగానే విడదీస్తారు. ప్లటేయావాళ్లకు రెండో బెడద లేదు. వాళ్ల కళ్లెదుట పేర్చిన ఇటుకలవి, వాటి మందం వాళ్లకు అంచనా ఉంది.

లెక్క కుదిరింది. ముందు అందరూ పోదామనుకున్నా, ప్రమాదం తలుచుకుని సగం మంది వెనక్కు తగ్గారు. 220 మంది దాకా మిగిలారు. వానా గాలీ కొట్టే, వెన్నెల లేని రాత్రి కోసం కాచుకున్నారు. వానకు కాపలావాళ్లు గోడ మీది బురుజుల్లోకి దూరిపోతారని ముందే గమనించి పెట్టుకున్నారు. బురదలో జారకుండా ఎడమ కాలికి మాత్రమే చెప్పు తొడుక్కున్నారు. ఆయుధాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా మనిషికీ మనిషికీ ఎడం ఉంచుకుని నడిచారు. రెండు బురుజుల నడుమ నిచ్చెనలు ఆనించారు. అవి సరిపోయాయి. చాలామంది ఎక్కాక ఎవరి చెయ్యో తగిలి పెంకు ఒకటి కింద పడింది, గోల మొదలైంది. అయినా 212 మంది ఏథెన్సు చేరారు. ఒక విలుకాడు అవతలి అగడ్త దగ్గర పట్టుబడ్డాడు. మిగిలిన కొద్దిమందీ మధ్యలోనే ఊళ్లోకి తిరిగిపోయారు.

యుద్ధ చరిత్రలో నిచ్చెన కథలు ఇంత శుభంగా ముగిసినవి తక్కువ. చాలావాటిలో నిచ్చెన పొట్టిదైంది, లేదా విరిగింది, లేదా ఎవరో మేలుకున్నారు. మరి అంత నమ్మరాని పనిముట్టును సేనానులు వేల ఏళ్లపాటు ఎందుకు వదల్లేదు? చవక, తొందరగా తయారవుతుంది, మనుషులు భుజాన వేసుకుని మోసుకుపోవచ్చు. ఈజిప్టులో సక్కారా దగ్గర నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఒక సమాధి గోడ మీద చక్రాల నిచ్చెనతో కోట ఎక్కుతున్న సైనికుల బొమ్మ ఉంది. చైనాలో గోంగ్‌షు బాన్ అనే ప్రసిద్ధ శిల్పి చేసిన మేఘ నిచ్చెన గురించి మోజీ గ్రంథంలో ఒక అధ్యాయమే ఉంది. సొగసులు ఎన్ని చేర్చినా అసలు సరుకు మాత్రం రెండు గడలు, కొన్ని మెట్లు.

పొట్టి నిచ్చెనతో నవ్వులపాలైనవాళ్లలో ముందు చెప్పుకోవలసినవాడు మాసిడోనియా రాజు అయిదో ఫిలిప్పు. క్రీ.పూ. 217లో అతను మెలిటేయా అనే ఊరి మీద చాటుగా విరుచుకుపడ్డాడు. ఊరివాళ్లు బిత్తరపోయారు. తీరా ఆనిస్తే నిచ్చెనలు గోడకు అందలేదు. పైగా అర్ధరాత్రి రావలసినవాడు జనం ఇంకా మెలకువగా ఉన్న వేళ వచ్చాడు. ఊరు దక్కలేదు సరికదా, ఊరివాళ్లు జన్మశత్రువులయ్యారు. దీని మీద చరిత్రకారుడు పాలిబియస్ ఫిలిప్పును గట్టిగా మందలించాడు. తాను స్వయంగా సైనికాధికారిగా పనిచేసినవాడు కాబట్టి తిట్టి ఊరుకోకుండా ఒక సూత్రం కూడా రాశాడు. గోడ ఎత్తు పది అయితే నిచ్చెన పొడవు పన్నెండు ఉండాలి. నిచ్చెన అడుగుకూ గోడకూ మధ్య దూరం నిచ్చెన పొడవులో సగం ఉండాలి. అంతకన్నా దూరం జరిపితే మనుషుల బరువుకు విరుగుతుంది, దగ్గరకు జరిపితే ఎక్కేవాళ్లకు ప్రమాదం.

పైథాగరస్ సూత్రం తెలిసిన ఎనిమిదో తరగతి పిల్లవాడు దీన్ని సరిచూడగలడు. నిచ్చెన 12, నేల మీద దూరం 6. పన్నెండు వర్గం 144, ఆరు వర్గం 36. తీసివేస్తే 108, దాని వర్గమూలం 10.4కు కాస్త తక్కువ. అంటే పది మూరల గోడ మీద నిచ్చెన తల మూరలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే పైకి తేలుతుంది. ఎక్కినవాడికి పట్టు దొరకడానికి అది చాలు, పైనున్నవాడు తల పట్టుకుని ఊపడానికి అది చాలదు. నిచ్చెన నేలతో చేసే కోణం సరిగ్గా 60 డిగ్రీలు.

అయితే సందేహం ఒకటి వస్తుంది. ఇవాళ రంగులు వేసేవాళ్లకు, కరెంటు పనివాళ్లకు నేర్పే పద్ధతి వేరు. ఎత్తులో నాలుగో వంతు దూరంలో అడుగు పెట్టమంటారు, అంటే సుమారు 76 డిగ్రీలు. పాలిబియస్ నిచ్చెన దానికన్నా చాలా వాలుగా పడుకుంది. ఆయన పొరపడ్డాడా? లెక్క కడదాం.

గోడ ఎత్తు 10 మీటర్లు అనుకుందాం. నిచ్చెన మీద ఒక్కొక్కరు 80 కిలోల చొప్పున నలుగురు వరసగా ఎక్కుతున్నారు, మొత్తం 320 కిలోలు. నిచ్చెనను నడుమ దగ్గర వంచే బలం ఎంతో చూస్తే, లెక్కలోంచి నిచ్చెన పొడవు మాయమైపోయి రెండే మిగులుతాయి. ఒకటి మనుషుల బరువు, రెండోది నిచ్చెన అడుగుకూ గోడకూ ఉన్న దూరం. ఆ దూరం 6 మీటర్లు కాకుండా రెండున్నర మీటర్లు ఉంటే, వంచే బలం సగం కన్నా తక్కువకు పడిపోతుంది. అదీగాక నిలువుగా ఉన్న నిచ్చెన కింద జారదు. పై మెట్టు మీద మనిషి ఉన్నప్పుడు 60 డిగ్రీల నిచ్చెన అడుగు అతని బరువులో 58 శాతం బలంతో వెనక్కు తన్నుకుపోవాలని చూస్తుంది, 76 డిగ్రీలకు అది 25 శాతం. తడి బురద నేల మీద మొదటిది ఆపాలంటే కింద ఇనుప ములుకులైనా ఉండాలి, మనుషులైనా తొక్కిపట్టి నిలబడాలి. ఇలా చూస్తే మన రంగులు వేసేవాళ్లదే గెలుపు.

కాని రంగులు వేసేవాడిని పైనుంచి ఎవరూ తోసెయ్యరు. కోట ఎక్కేవాడిని తోస్తారు.

మన చారిత్రక సినిమాల్లో ఈ దృశ్యం తప్పదు. నిచ్చెన నిండా సైనికులు, పైనుంచి వీరుడు ఒక్క తోపు తోస్తాడు, నిచ్చెన గాలిలో నిలువుగా లేచి అర్ధచంద్రాకారంగా వెనక్కు ఒరుగుతుంది. ఈ తోపుకు ఎంత బలం కావాలి? 60 డిగ్రీల నిచ్చెన మీద ఆ నలుగురూ ఉంటే, తలను గోడ నుంచి కదపడానికే సుమారు 92 కిలోల బరువంత తోపు కావాలి. పోనీ ఇద్దరు బలశాలులు కదిపారనే అనుకుందాం. అక్కడితో పని కాలేదు. నిచ్చెన వెనక్కు పడాలంటే ముందు నిలువు దాటాలి, నిలువు దాటాలంటే తల గోడ నుంచి 6 మీటర్లు బయటకు పోవాలి. అంత పొడవు కర్ర ఎవరి దగ్గర ఉంటుంది? తోపు ఆగిన చోటి నుంచి నిచ్చెన తిరిగొచ్చి గోడను కొట్టుకుంటుంది. అదే 76 డిగ్రీల నిచ్చెన అయితే 40 కిలోల తోపు చాలు, తల రెండున్నర మీటర్లు జరిగితే చాలు. ఒక పంగలకర్రతో ఇద్దరు చెయ్యగల పని. పాలిబియస్ దగ్గర పెట్టొద్దన్నది ఇందుకే. ఆయన నిచ్చెన విరిగే ప్రమాదాన్ని కొంత నెత్తిన వేసుకుని, తోసివేసే ప్రమాదాన్ని తగ్గించుకున్నాడు. ఖాళీ నిచ్చెనను మాత్రం ఎలా పెట్టినా ఒక్కడే కదిలించెయ్యగలడు. కాబట్టి ఆనించిన వెంటనే బిలబిలమని ఎక్కెయ్యాలి. అలా ఎక్కితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే విరుగుతుంది. నిచ్చెన కష్టమంతా ఈ ముడిలోనే ఉంది. పక్కకు తోస్తే ఏమిటంటారా? ముందుకు తోసినంత బలం అక్కరలేదు. కోటలు కట్టేవాళ్లు గోడను సాఫీగా పోనివ్వకుండా నడుమ నడుమ బురుజులు ముందుకు పొడుచుకొచ్చేలా కట్టారు. బురుజు మీది మనిషికి నిచ్చెన పక్కమొహం దొరుకుతుంది, దాని మీద వేలాడేవాడి డొక్క కూడా దొరుకుతుంది.

విరిగిన నిచ్చెనల్లో ప్రపంచ చరిత్రకెక్కినవి మన ఉపఖండంలోనే విరిగాయి. అలెగ్జాండరు పంజాబులో మల్లోయి జాతి కోటను ముట్టడించినప్పుడు నిచ్చెనలు తేవడంలో ఆలస్యమైందని విసుగుపడి, తానే ఒకటి లాక్కుని గోడకు ఆనించి ఎక్కేశాడు. వెనకాల ప్యూకెస్టస్, లియొనాటస్ ఎక్కారు. పక్క నిచ్చెన మీద అబ్రియాస్ అనే సైనికుడు ఎక్కాడు. రాజు ఒంటరిగా గోడ మీద నిలబడటం చూసి కంగారుపడ్డ భటులందరూ ఒక్కసారిగా నిచ్చెనల మీద పడ్డారు. అవి ఫెళ్లున విరిగాయి. గోడ మీద నలుగురే మిగిలారు. అలెగ్జాండరు వెనక్కు దూకకుండా కోట లోపలికి దూకాడు, ఛాతీలో బాణం దిగింది, చావు తప్పి బయటపడ్డాడు. పాలిబియస్ పుట్టడానికి నూటపాతికేళ్ల ముందటి మాట ఇది. బహుశా సూత్రం రాసేటప్పుడు ఆయనకు ఈ కథ గుర్తుండే ఉంటుంది.

దూరం నుంచి ఎత్తు కొలవడానికి ఇటుకలు కనిపించనప్పుడు ఏం చెయ్యాలి? రోమన్ రచయిత వెజీషియస్ రెండు ఉపాయాలు చెప్పాడు. సన్నని దారం బాణానికి కట్టి గోడ తలకు తగిలేలా వెయ్యాలి, దారం పొడవే లెక్క. లేకపోతే గోడ నీడను శత్రువుకు తెలియకుండా కొలిచి, అదే సమయంలో పది అడుగుల కర్ర నీడ కొలిచి, నిష్పత్తి కట్టాలి. రెండో ఉపాయం మన బడి పుస్తకాల్లోని సరూప త్రిభుజాల లెక్కే. అలెగ్జాండ్రియాలోని హెరాన్ ఇంకా ముందుకెళ్లి, దూరపు బిందువులను గురి చూసే డయాప్ట్రా అనే పరికరం వర్ణించాడు. దాని ప్రయోజనాలు చెబుతూ, గోడల ఎత్తు తెలియక పొట్టి నిచ్చెనలు చేసుకుని ఓడిపోయినవాళ్లను గుర్తు చేశాడు. సర్వే శాస్త్రం పొలం గట్ల దగ్గరే పుట్టిందని మనం అనుకుంటాం గాని, దాన్ని ముందుకు నెట్టినవాళ్లలో కోటలు లగ్గపట్టేవాళ్లు కూడా ఉన్నారు.

కోట కట్టేవాళ్లు చూస్తూ ఊరుకోలేదు. గోడ ఎత్తు పెంచడం ఖర్చుతో కూడిన పని. అంతకన్నా తేలిక, గోడ ముందు నేలను పాడుచెయ్యడం. అగడ్త తవ్వితే నిచ్చెన అడుగు ఎక్కడ పెట్టాలి? కందకంలో దిగి పెడితే గోడ ఎత్తుకు కందకం లోతు కూడా కలుస్తుంది, అడుగు బురదలో దిగబడుతుంది. అవతలి గట్టు మీద పెడితే దూరం పెరుగుతుంది, దూరం పెరిగితే వంచే బలం పెరుగుతుందని ఇందాకే చూశాం. ఓరుగల్లులో కాకతీయుల మట్టికోటనూ రాతికోటనూ వాటి ముందరి అగడ్తలతో కలిపి చూస్తే, ఆ కట్టడంలోని తెలివి గోడలో సగం, గోతిలో సగం ఉందని తెలుస్తుంది.

ఎత్తు సరిపోయి, గట్టిగా నిలబడి, ఎవరూ తోయకపోయినా నిచ్చెనకు ఇంకో జబ్బు ఉంది. అది మనుషులను ఒక్కొక్కరిగా పంపుతుంది. కింద వెయ్యిమంది ఉన్నా పై మెట్టు మీద ఎప్పుడూ ఒక్కడే. ఆ ఒక్కడి చేతులు కూడా నిచ్చెన పట్టుకోవడానికే సరిపోతాయి. పైన ఎదురుచూసేవాడికి రెండు చేతులూ ఖాళీ. 1757 జనవరి 24న బొబ్బిలిలో జరిగింది ఇదే. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు తెల్లవారుజాము నుంచి బురుజుల మీద కాల్చి తొమ్మిదింటికల్లా పిట్టగోడలు కొన్ని పగలగొట్టాయి. అప్పుడు నాలుగు వైపుల నుంచీ నిచ్చెనలతో దళాలు కదిలాయి. గంటసేపు పెనుగులాడినా ఒక్కడు కూడా పిట్టగోడ దాటలేకపోయాడని ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ రాశాడు. తర్వాత వచ్చిన దళాలకూ అదే గతి. అలిసిపోయి కాసేపు దాడి ఆపవలసి వచ్చింది. కథ ఎలా ముగిసిందో తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. మట్టికోట ముందు ఫ్రెంచి ఫిరంగులు చేసిన పనిని నిచ్చెనలు అందిపుచ్చుకోలేకపోయాయన్నది మాత్రం బుర్రకథల్లో కాస్త మరుగున పడుతుంది.

కాబట్టి నిచ్చెన పని చెయ్యాలంటే పైన ఎవరూ ఉండకూడదు, ఉన్నా నిద్రలో ఉండాలి. గోల్కొండ ముట్టడిలో ఈ షరతు దాదాపు నెరవేరింది. 1687లో ఔరంగజేబు సైన్యం నెలల తరబడి కోట బయట పడిగాపులు కాస్తోంది. ఒక రాత్రి ఫిరోజ్ జంగ్ చాటుగా నిచ్చెనలు వేయించాడు. ఈ ఫిరోజ్ జంగ్ మొదటి నిజాముకు కన్నతండ్రి. కొందరు గోడ మీదికి చేరారు కూడా. వాళ్లు ఎక్కడం చూసిన హాజీ మెహ్రాబ్ అనే ఆయన పరుగున పోయి బాదుషాకు విజయ శుభాకాంక్షలు చెప్పాడు, బాదుషా నగారాలు మోగించమన్నాడు. ఇంతలో గోడ మీద తిరిగే ఊరకుక్క ఒకటి కొత్తవాళ్లను చూసి మొరిగింది. కాపలావాళ్లు లేచి వచ్చి ఎక్కినవాళ్లను చంపారు, నిచ్చెనలు పడేశారు. గోల్కొండ సుల్తాను తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు, రత్నాల పట్టెడ, జరీ అంగీ వేయించి దగ్గరే ఉంచుకున్నాడట. ఫిరోజ్ జంగ్‌కున్న మూడు బిరుదులను వెక్కిరిస్తూ దానికీ మూడంతస్తుల బిరుదు ఇచ్చాడట. ఆనాటి చరిత్రకారులు మొఘలు కొలువు మనుషులే అయినా ఈ కుక్క కథను దాచలేదు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. చివరికి సెప్టెంబరులో కోట పడింది గాని నిచ్చెనతో కాదు. లోపలి సర్దారు అబ్దుల్లా ఖాన్ పనీ తలుపు తీయించాడు.

జెనీవాలో 1602 డిసెంబరు రాత్రి సవాయ్ దొర సైన్యం ఇంకాస్త జాగ్రత్తపడింది. చీకట్లో కనిపించకుండా నిచ్చెనలకు నల్లరంగు పూశారు. మోయడానికి వీలుగా ముక్కలుగా చేసి, అక్కడికక్కడ ఒకదానిలో ఒకటి దూర్చేలా తయారుచేశారు. కొందరు ఎక్కి లోపల దిగారు కూడా. ఈలోగా ఊరు మేలుకుంది. పక్క బురుజు మీంచి పేల్చిన ఫిరంగి గుండు నిచ్చెనలను విరగ్గొట్టింది. ఎక్కినవాళ్లు లోపల, సైన్యం బయట. ఆ ఊళ్లో ఇప్పటికీ ఏటా డిసెంబరులో చాక్లెట్ బిందెలు పగలగొట్టి పండగ చేసుకుంటారు.

అన్నీ కుదిరిన సందర్భం కోసం వెతికితే 1780 నాటి గ్వాలియర్ దొరుకుతుంది. ఆ కోటను లగ్గపట్టడం అసాధ్యమని అందరూ నమ్మారు, కాపలావాళ్లు కూడా నమ్మారు, అదే కొంప ముంచింది. ఈస్టిండియా కంపెనీ అధికారి పోఫమ్ గుట్టుగా నిచ్చెనలు చేయించాడు. దారి తెలిసిన దొంగలు ముందు నడిచారు. రాతి మీద చప్పుడు కాకుండా సిపాయిలకు దూది కూరిన జోళ్లు తొడిగించారు. ఆగస్టు 3 రాత్రి కెప్టెన్ బ్రూస్ దళం ముందు 16 అడుగుల రాతి అంచుకు నిచ్చెనలు వేసింది, తర్వాత నిట్రమైన చరియ పాకింది, ఆపైన 30 అడుగుల గోడ. ఆ గోడ దగ్గర కొయ్య నిచ్చెనలు కాకుండా తాళ్ల నిచ్చెనలు వాడారు. వేగులవాళ్లు ముందు ఎక్కి వాటిని పైన బిగించి కట్టారు. తాళ్ల నిచ్చెనకు అడుగు దూరం లెక్కే లేదు, విరగదు, తోస్తే పడదు. దాన్ని పైన కట్టడానికి మాత్రం ముందు ఒక మనిషి ఎక్కాలి. తెల్లారేసరికి కోట కంపెనీ చేతిలో ఉంది.

ఫిరంగులు వచ్చాక నిచ్చెనల కాలం చెల్లిందని పుస్తకాల్లో రాస్తారు. గోడకు గండి కొట్టగలిగినప్పుడు ఎక్కడం ఎందుకు? 1812 ఏప్రిల్ 6 రాత్రి స్పెయిన్‌లోని బడాహోస్ దగ్గర బ్రిటిషు సేనాని వెల్లింగ్టన్ కూడా అలాగే అనుకున్నాడు. ఫిరంగులతో గోడకు గండ్లు కొట్టించి, ప్రధాన సైన్యాన్ని వాటి మీదికి పంపాడు. గండి ఎక్కడుందో లోపలివాళ్లకూ తెలుసు కదా. ఫ్రెంచివాళ్లు గండ్ల నిండా కత్తులు బిగించిన దూలాలు, మందుపాతర్లు పేర్చి కూర్చున్నారు. బ్రిటిషువాళ్లు మళ్లీ మళ్లీ ఎగబడ్డారు, వందల మంది చచ్చారు, ఒక్క గండీ దక్కలేదు. అటు కాపలావాళ్ల దృష్టి మళ్లించడానికి ఉద్దేశించిన రెండు నిచ్చెన దళాలు వేరే చోట్ల గోడ ఎక్కుతున్నాయి. దుర్గం దగ్గర మొదటి ప్రయత్నంలో నిచ్చెనలు పడ్డాయి, విరిగాయి. అప్పుడు కర్నల్ రిడ్జ్ కాస్త పక్కకు పోయి గోడ తక్కువ ఎత్తున్న చోటు చూసి నిచ్చెన ఆనించాడు, ఎక్కాడు, దుర్గం చిక్కింది. సాన్ విసెంతె బురుజు దగ్గర కూడా నిచ్చెనలు పొట్టివయ్యాయి, అక్కడా గోడ 20 అడుగులే ఉన్న మూల వెతుక్కుని దూరారు. వీళ్లు వెనక నుంచి రావడంతో గండ్ల కాపలా సడలింది, అప్పుడు గాని బయటి సైన్యం లోపలికి రాలేకపోయింది. రిడ్జ్ ఆ రాత్రే దుర్గంలో గుండు తగిలి చనిపోయాడు. మర్నాడు ఉదయం ఫ్రెంచి సేనాని ఫిలిపాన్ నది అవతలి సాన్ క్రిస్టోబాల్ కోటలో లొంగిపోయాడు.